దార్ఫుర్ పాపం వానదేనా?

అపోహ: వానలు ముఖం చాటేయడంతోనే సూడాన్‌లోని దార్ఫుర్‌లో యుద్ధం వచ్చింది.

వాస్తవం: నాటి ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి బాన్ కీ మూన్ 2007లో ఒక అమెరికా పత్రికలో ఈ సంక్షోభాన్ని వాతావరణ మార్పుతో ముడిపెట్టి రాశాక ఈ మాట బాగా పాకింది. తేదీలు చూస్తే మాత్రం లెక్క కుదరదు. అక్కడ వర్షపాతం పడిపోయింది 1970ల తొలినాళ్లకే. యుద్ధం మొదలైంది 2003లో. మధ్యలో ముప్ఫై ఏళ్లు ఏం జరిగిందో ఎవరూ అడగరు.

పూర్వం కోతలయ్యాక రైతులు పశుల కాపరులను చేలలోకి రానిచ్చేవారు. మందలు మోళ్లు మేసి, ఎరువు వేసి పోయేవి. తగాదా వస్తే ఇరువైపుల పెద్దలు కూర్చుని 'దియా' అనే పరిహారం ఇప్పించేవారు. 1984-85 కరవు నాటికి మేత కరవై, రైతులు చాలాచోట్ల చేల చుట్టూ ముళ్లకంప నాటేశారు. ఇంతవరకూ వానను తిట్టుకోవచ్చు. కానీ తీర్పు చెప్పే ఆ పెద్దల అధికారాన్ని నాటి సూడాన్ పాలకుడు నిమేరీ ప్రభుత్వం 1971లోనే రద్దు చేసి కూర్చుంది. పక్కనున్న చాద్ యుద్ధాల నుంచి తుపాకులు సరిహద్దు దాటి వచ్చాయి. 2003లో తిరుగుబాటుదారులు దార్ఫుర్‌లోని ఎల్ ఫాషర్ విమానాశ్రయంపై దాడి చేశాక, ఖార్టూమ్ పాలకులు జంజావీద్ అనే సాయుధ మూకలకు ఆయుధాలిచ్చి ఊళ్ల మీదికి వదిలారు. నెపం మబ్బుల మీదికి నెడితే సుఖపడేది ఆ పాలకులే.

అపోహ: అయితే వాతావరణానికీ అంతర్యుద్ధాలకూ సంబంధమే లేదు.

వాస్తవం: అదీ తప్పే. ఈ విషయంలో ఒకరితో ఒకరు పడని 11 మంది నిపుణుల అంచనాలు 2019లో 'నేచర్' పత్రికలో వచ్చాయి. వాతావరణ ప్రభావం ఉందని అందరూ ఒప్పుకున్నారు. కాకపోతే వెనుకబాటుతనం, చేతగాని ప్రభుత్వం, వర్గాల మధ్య అసమానత దానికన్నా పెద్ద కారణాలన్నారు. భూమి వేడెక్కేకొద్దీ ముప్పు పెరుగుతుందనీ చెప్పారు.

అపోహ: ఆకలేస్తే పేదలు ఆయుధం పడతారు.

వాస్తవం: ముందు మూటాముల్లె సర్దుకుని వలస పోతారు. అనంతపురం రైతుకు ఈ సంగతి చెప్పనక్కర్లేదు. పంట పోయి పని దొరకని కుర్రాళ్లను చేర్చుకోవడం ముఠాలకు తేలికే, నిజం. కానీ జీతానికీ తూటాలకీ ఎవరో డబ్బు పెట్టాలి. దార్ఫుర్‌నే చూడండి: జంజావీద్ నుంచి పుట్టిన ఆర్‌ఎస్‌ఎఫ్ దళం 2023 ఏప్రిల్‌లో సూడాన్ సైన్యంతోనే యుద్ధానికి దిగింది. దాని ఖజానాకు పెద్ద ఆదరువు దార్ఫుర్ బంగారు గనులు.