దుకాణపు పరపతికి వెల కట్టుట

ఒక భాగస్వామి మరణించినపుడు దుకాణములోని సరుకును, బీరువాలను, రావలసిన బాకీలను లెక్కించుట కష్టము కాదు. ఏండ్ల తరబడి కూడిన పరపతిని, అనగా గుడ్‌విల్‌ను, ఎట్లు లెక్కింతుము? అదియు సంస్థ ఆస్తియేననియు, వేరు ఒప్పందము లేనిచో వారసులకు అందులో వాటా కలదనియు సుప్రీం కోర్టు 1970లో తీర్పు చెప్పినది.

ఇచ్చట నిపుణుడు అవసరమగును. పెట్టుబడి 4 లక్షలు, సగటు వార్షిక లాభము 60 వేలు అనుకొందము. నూటికి 10 వంతున సహజముగా రావలసినది 40 వేలు. మిగిలిన 20 వేలే పరపతి ఫలము. దానిని మూడేండ్లకు కట్టిన 60 వేలు. ఐదేండ్లకు కట్టిన లక్ష! మృతుని భార్య పక్షపు ఆడిటరు ఐదనును, ఎదుటివారు మూడనుదురు. ఇద్దరి కూడికలును సరియైనవే. మా కామర్సు తరగతులలో ఆ సంఖ్యను ప్రశ్నలోనే ఇచ్చివేయుదుము. కోర్టులో అట్లు ఇచ్చువారుండరు. ఖాతాదారులు మృతుని ముఖము చూచి వచ్చిరా, దుకాణమున్న చోటును బట్టి వచ్చిరా అన్నదే అసలు తగవు.

1872 నాటి సాక్ష్య చట్టము 45వ సెక్షను నిపుణుని అభిప్రాయమునకు చోటిచ్చినది. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమము 39వ సెక్షనులో ఇతర రంగముల నిపుణులను కూడ చేర్చిరి. అయినను న్యాయాధిపతి ఆ అభిప్రాయమునకు బద్ధుడు కాడు. అంకె వెనుకనున్న కారణమును చూచును. కారణము చూపని నివేదిక క్రాస్ ఎగ్జామినేషనులో రెండు ప్రశ్నలకు నిలువదు.

ఈలోగా లెక్క తేల్చకయే మిగిలినవారు వ్యాపారము సాగించినచో, వేరు ఒప్పందము లేనియెడల, 1932 నాటి భాగస్వామ్య చట్టము 37వ సెక్షను క్రింద ఆమె తన వాటాపై వచ్చిన లాభమును గాని, సాలుకు నూటికి 6 వంతున వడ్డీని గాని కోరవచ్చును.