సెట్టింగ్స్ ఎక్కువైతే తలనొప్పి.. తీసేస్తే గొడవ! డెస్క్‌టాప్ డిజైన్‌లో అసలు చిక్కు ఇదే

కంప్యూటర్ స్క్రీన్ మీద ఒక చిన్న బటన్ కనిపించకపోతే ఏమవుతుంది? 2012 అక్టోబర్‌లో మైక్రోసాఫ్ట్‌కు ఇది బాగానే తెలిసొచ్చింది. విండోస్ 95 నుంచి జనానికి అలవాటైన స్టార్ట్ బటన్‌ను విండోస్ 8లో తీసేసింది. యూజర్లు గగ్గోలు పెట్టారు. చివరికి ఏడాది తిరిగేసరికి, 2013 అక్టోబర్‌లో విండోస్ 8.1తో ఆ బటన్‌ను మళ్లీ తీసుకురాక తప్పలేదు.

మరి కంపెనీలు ఉన్నవాటిని ఎందుకు తీసేస్తాయి? 'ఎవరికి నచ్చినట్టు వాళ్లు మార్చుకుంటారు, అన్నీ ఉంచేస్తే పోలా?' అనిపించడం సహజం. కానీ లెక్క అంత ఈజీ కాదు.

ప్రతి ఆప్షన్‌కూ ఓ ఖర్చు

ఆన్, ఆఫ్ అని రెండే స్థితులున్న సెట్టింగ్స్ 10 ఉంటే 1,024 రకాల కాంబినేషన్లు వస్తాయి. అదే 20 ఉంటే 10 లక్షలు దాటిపోతాయి. వీటన్నింటినీ టెస్ట్ చేయడం ఎవరి తరమూ కాదు. పైగా కావాల్సిన సెట్టింగ్ వెతుక్కోవడానికే యూజర్‌కు టైమ్ అయిపోతుంది.

లైనక్స్‌లో వాడే గ్నోమ్ డెస్క్‌టాప్ ఈ దారినే పట్టింది. 2002లో వచ్చిన గ్నోమ్ 2లో సెట్టింగ్స్ బాగా తగ్గించారు. 2011లో గ్నోమ్ 3 వచ్చేసరికి విండోల మీద మినిమైజ్ బటన్ కూడా కనిపించకుండా పోయింది. లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ దీన్ని బహిరంగంగానే విమర్శించి, ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే వేరే డెస్క్‌టాప్‌కు మారిపోయారు. ఆ అసంతృప్తిలోంచే మాటే, సినమన్ డెస్క్‌టాప్‌లు పుట్టుకొచ్చాయి.

తీసేసినా ఖర్చే

2021లో విడుదలైన విండోస్ 11లో టాస్క్‌బార్‌ను పైకో, పక్కకో జరిపే వీలు లేకుండా చేశారు. చాలామందికి ఇదేం పట్టలేదు. కానీ ఏళ్ల తరబడి పక్కన పెట్టుకుని పనిచేసినవాళ్లు మాత్రం ఇబ్బంది పడ్డారు.

కొన్ని ఆప్షన్లు సోకు కోసం కాదు, అవసరం. తెలుగు టైపింగే తీసుకోండి. ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకున్నవాళ్ల చెయ్యి ఒకలా పోతుంది, ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టేవాళ్ల చెయ్యి ఇంకోలా పోతుంది. 2019 మే అప్‌డేట్‌తో విండోస్ 10లో తెలుగు ఫొనెటిక్ కీబోర్డ్ కూడా చేరింది. ఇక్కడ ఒక్కటే చాలని రెండోది తీసేస్తే సగం మందికి పని ఆగిపోతుంది. చూపు తగ్గినవాళ్లకు అక్షరాల సైజు పెంచుకునే సెట్టింగ్ కూడా అలాంటిదే.

మధ్యే మార్గం ఉందా?

ఉంది. చాలామంది కంప్యూటర్లలో ఉండే వీఎల్‌సీ ప్లేయర్‌నే చూడండి. ప్రిఫరెన్సెస్ తెరిస్తే ముందు కొన్ని సెట్టింగ్సే కనిపిస్తాయి. కింద 'ఆల్' అని నొక్కితే మొత్తం జాబితా బయటకు వస్తుంది. ఏదైనా తేడా కొడితే అన్నీ మొదటికి తెచ్చే రీసెట్ బటన్ కూడా అక్కడే ఉంటుంది. కొత్తవాళ్లకు గందరగోళం లేదు, తెలిసినవాళ్లకు లోటు లేదు.

అంటే డిజైనర్లు చూసుకోవాల్సింది మూడు విషయాలు. మొదట కనిపించేది ఎక్కువ మందికి సరిపోవాలి. మిగతావి ఒక్క క్లిక్ దూరంలో దొరకాలి. వెనక్కి వెళ్లే దారి ఉండాలి. ఇక ఏదైనా ఆప్షన్ తీసేసే ముందు, దాన్ని ఎంతమంది వాడుతున్నారని మాత్రమే చూస్తే సరిపోదు. అది లేకపోతే ఎవరి పని ఆగుతుందో కూడా చూడాలి.