ఆరంగుళముల మెట్టు

గోలకొండ సింహద్వారము చెంత గుమ్మటము క్రింద నిలిచి చప్పట్లు చరచినచో, ఆ ధ్వని కొండకొమ్మున నున్న బాలాహిస్సారు మండపమున వినబడునను వింత యాత్రికులందరు ఎరిగినదే. చూపులేని యాత్రికునకు ఆ కోటలోని చమత్కారమంతయు ఆ ధ్వనితోనే హస్తగతమగును. వినికిడిలేనివానికి అది ఇతరులు సైగలతో చెప్పిన కథగానే మిగులును. చక్రముల కుర్చీలో వచ్చినవాడు క్రింద చప్పట్లు కొట్టగలడే కాని, సుమారు 360 మెట్లెక్కి పైన వాటిని వినలేడు. సాలార్‌జంగు మ్యూజియము గడియారములో గంటగంటకు బొమ్మ వెలుపలికి వచ్చి గంట కొట్టునప్పుడు వినికిడిలేనివారు బొమ్మను చూచి ఆనందింతురు, చూపులేనివారు గంటలు లెక్కించుకొందురు. ఇటలీలోని అంకోనా నగరమున చూపులేని దంపతుల పూనికతో 1993లో వెలసిన ఒమెరో మ్యూజియములో శిల్పములను చేతులతో తడిమి చూడవచ్చును. అన్యత్ర తరచు అది అపరాధము.

మన టిఫిను హోటళ్లలో సర్వరు ఊపిరి తిప్పుకొనక ఇడ్లీ, వడ, పెసరట్టు, ఉప్మా యని వల్లించుట చూపులేనివానికి మహోపకారము. వినికిడిలేనివానికి ఆ వల్లింపే అగమ్యగోచరము. ఇప్పుడు బల్లలపై అంటించుచున్న క్యూఆర్ కోడు ఈ లెక్కను మార్చినది. ఫోనులో తెరచుకొను మెనూ అక్షరరూపమున నున్నచో ఫోనే చదివి వినిపించును. కేవలము ఫోటోగా నున్నచో తరచు తడబడును. అన్నిటికంటె నొప్పించునది వేరొకటి కలదు: ఎదుట కూర్చున్న పెద్దమనిషిని విడిచి, వెంట వచ్చినవారిని "సారుకేం కావాలండీ?" అని అడుగుట. చూపు లేనంత మాత్రమున పెసరట్టులో అల్లము వేయవలెనో వలదో ఆయన చెప్పుకొనలేడా?

పెండ్లివిందుల సంగతి మరింత విచిత్రము. బఫే నాగరికమని మనవారి భావన. రెండు చంకకర్రలపై నిలిచినవాడు పళ్లెమును ఏ చేత పట్టుకొనవలెనో ఏర్పాటు చేసినవారు ఆలోచింపరు. బల్లలమీద విస్తళ్లు వేసిన బంతి ఇతనికి సుఖము. ఏ పదార్థమును ఎచ్చట వడ్డింతురో ఆనవాయితీ యుండుటచే చూపులేనివానికిని సుఖమే. అక్షతలు వేయుటకు వేదిక నెక్కవలసివచ్చినప్పుడు చక్రముల కుర్చీలోనివానిని నలుగురు కుర్రవాండ్రు కుర్చీతోసహా ఎత్తి పైకి చేర్చి, పుణ్యము చేసితిమని తలంతురు; ఎత్తబడినవాని అభిమానము సంగతి ఎవరికిని తోపదు. మరుగుదొడ్డికి పోవు వీలుండదని ఉదయమునుండి మంచినీళ్లు త్రాగక విందునకు వచ్చువారును కలరు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ప్రైవేటు సంస్థలకును వర్తించును. అయితే వికలాంగులకు అందుబాటు కల్పించు ప్రమాణములను కేవలము సలహాలుగా విడిచిన, ఆ చట్టము క్రింది 15(1)వ నియమమును సుప్రీంకోర్టు 2024 నవంబరులో కొట్టివేసి, పాటించి తీరవలసిన నియమములను మూడు నెలలలో చేయవలసినదిగా కేంద్రమును ఆదేశించినది. అడుగు ఎత్తునకు పన్నెండడుగుల వాలుబాట ఉండవలెనన్నది ప్రమాణము. అనగా హోటలు గుమ్మమునందలి ఆరంగుళముల మెట్టునకు ఆరడుగులు. మనవారు స్కూటరు ఎక్కించుటకు ఇంటిముందు వేయు నిటారు సిమెంటు చప్టానే ఇచ్చటను వేసి, దానికే వాలుబాట యని పేరు పెట్టుదురు. దానిపై కుర్చీ ఎక్కుటకును, దిగుటకును మరియొకని బలము కావలెను. అట్టివాడు దొరకనినాడు హోటలుకు పోవుట మానవలసినదే.