రాయలసీమ రాతి పనిముట్లు

లోహాల వాడకం తెలియని కాలంలో ఆదిమానవులు రాళ్ళను చెక్కి చేసుకొన్న సాధనాలను రాతి పనిముట్లు అంటారు. ఆంధ్ర ప్రదేశ్‌లోని కడప, కర్నూలు ప్రాంతాలు వీటికి ప్రసిద్ధి.

తగిన రాయి

పనిముట్టు చేయుటకు గట్టిదై, కొట్టినపుడు పదునైన అంచుతో పెచ్చులూడే రాయి కావలెను. రాయచోటి పరిసరాలలో హెచ్చుగా ఉన్న గ్రానైటు గరుకు రేణువులు కలది. అది సన్నని పెచ్చులుగా విడిపోదు. అయితే ఇక్కడి నుండి కడపకు పోయే దారిలో, గువ్వలచెరువు కనుమ వద్ద దాటే పాలకొండలలో క్వార్ట్జైటు శిలలు ఉన్నాయి. ఇసుక రేణువులు ఒకదానితో ఒకటి గట్టిగా అతుక్కొనిపోగా ఈ రాయి ఏర్పడుతుంది. దక్షిణ భారతదేశంలో లభించిన చేతిగొడ్డళ్ళలో అధిక భాగం క్వార్ట్జైటుతో చేసినవే.

తయారీ

గుండ్రని గులకరాతిని సుత్తిగా ఉపయోగించి, మరొక రాతి అంచుపై ఏటవాలుగా కొట్టేవారు. పెచ్చులు ఊడగా మిగిలిన రాయి చేతిగొడ్డలి అయ్యేది. దీనికి పిడి ఉండదు. పిడికిట పట్టి మాంసం కోయుటకు, దుంపలు తవ్వుటకు వాడేవారు. తరువాతి కాలంలో ఊడిన పెచ్చులనే చెక్కి గోకుడు రాళ్ళుగా, మొనలుగా మలచారు.

పరిశోధనలు

భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్ 1863 మే 30న మద్రాసు సమీపాన పల్లావరంలో ఒక చేతిగొడ్డలిని గుర్తించాడు. భారతదేశంలో ప్రాచీన శిలాయుగ అధ్యయనానికి ఇది నాంది. అనంతరం ఆయన కడప, కర్నూలు ప్రాంతాలలోను పనిముట్లను సేకరించాడు. బేతంచెర్ల సమీపంలోని బిల్లసర్గం గుహలలో 1880వ దశకంలో తవ్వకాలు జరిపించాడు.

జ్వాలాపురం

బనగానపల్లె సమీపంలోని జ్వాలాపురంలో, సుమారు 74,000 సంవత్సరాల క్రితం సుమత్రా దీవిలో పేలిన టోబా అగ్నిపర్వతపు బూడిద పొర ఉన్నది. ఈ పొరకు క్రింద, పైన కూడ ఒకే తీరు పనిముట్లు లభించాయని మైకేల్ పెట్రాగ్లియా, రవి కోరిశెట్టర్ తదితరులు 2007లో ప్రకటించారు. అంతటి విపత్తు తరువాత కూడ ఇక్కడ మానవులు కొనసాగారని వారి అభిప్రాయం. ఆ పనిముట్లు ఏ మానవజాతివి అన్న విషయమై భిన్నాభిప్రాయాలు ఉన్నాయి.

గుర్తింపు, పరిరక్షణ

మానవుడు కొట్టిన పెచ్చుపై దెబ్బ తగిలిన చోట చిన్న ఉబ్బు కనిపిస్తుంది. ఒక క్రమంలో ఊడిన పెచ్చుల గుంటలు మరొక ఆనవాలు. పనిముట్టు వయస్సు తెలిసేది ముఖ్యంగా అది ఉన్న మట్టి పొరను బట్టి. జ్వాలాపురంలో బూడిద పొర చెదరక ఉన్నందువల్లనే పై వాదనకు ఆధారం దొరికింది. అందువలన అట్టి రాయి కనిపించినపుడు దానిని కదపక, ఉన్న చోటును పురావస్తు శాఖకు తెలుపుట మేలు.