కొనాలా, గంటల లెక్కన తీసుకోవాలా?

చిన్న ఆఫీసుల్లో పని నెలంతా ఒకేలా ఉండదు. నెలనెలా రిటర్నులు వేసే వ్యాపారులకు జీఎస్టీఆర్-1 గడువు 11వ తేదీ, 3బి గడువు 20వ తేదీ. వాళ్ల లెక్కలు చూసే అకౌంటెంటు దగ్గర ఆ తేదీల ముందు ముగ్గురు నలుగురు ఒకేసారి కూర్చుంటే గానీ పని తెమలదు. మిగతా రోజుల్లో ఒక్కరు చాలు. ఆ రద్దీ కోసం కొన్న కంప్యూటర్లు నెలలో సగం రోజులు ఊరికే పడుంటాయి. ఇలాంటి హెచ్చుతగ్గుల పనికి క్లౌడ్‌లో వర్చువల్ మెషీన్ అద్దెకు తీసుకోవడమే సబబని నా అభిప్రాయం.

ఒక పెద్ద సర్వర్ ప్రాసెసర్‌నీ మెమరీనీ సాఫ్ట్‌వేర్‌తో వాటాలు వేసి, ఒక్కో వాటాను విడి కంప్యూటర్‌లా నడిపిస్తారు. అదే వర్చువల్ మెషీన్. ఈ ఆలోచన పాతదే. ఐబీఎం తన మెయిన్‌ఫ్రేముల కోసం 1972లోనే వీఎం/370ని ప్రకటించింది. 2006 ఆగస్టులో అమెజాన్ ఈసీ2 అనే సేవతో వర్చువల్ మెషీన్లను గంటల లెక్కన అద్దెకివ్వడం మొదలుపెట్టింది. అప్పట్లో గంటకు పది సెంట్లు. 2022 నవంబరులో అదే సంస్థ హైదరాబాద్‌లోనూ డేటా కేంద్రాలు తెరిచింది. ఇలా అద్దెకు తీసుకున్నప్పుడు లెక్కలన్నీ సర్వర్ మీదే జరుగుతాయి. మన దగ్గరికి వచ్చేది తెర మీది బొమ్మ, ఇక్కడి నుంచి వెళ్లేది మౌసు కదలిక, మీట నొక్కులు. అందుకే పాత ల్యాప్‌టాప్ కూడా సరిపోతుంది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు ఆగిపోయింది. విండోస్ 11 ఎక్కని యంత్రాలు ఎన్నో ఉన్నాయి. వాటిలో లినక్స్ వేసుకుని, విండోస్ కావలసిన పని వరకు క్లౌడ్‌లో చేసుకోవచ్చు.

బిల్లు తడిసి మోపెడవుతుందన్న భయం నిరాధారం కాదు. అయితే లెక్క చూడండి: నెలకు సుమారు 730 గంటలు. రోజుకు 8 గంటల చొప్పున 25 రోజులు పనిచేస్తే 200 గంటలే. వాడనప్పుడు ఆపగలిగితే ప్రాసెసర్ ఖర్చు మూడో వంతు కంటే తక్కువకు దిగుతుంది; డిస్కు అద్దె మాత్రం ఆగదు. ఇక్కడే చాలామంది పొరపడతారు. మైక్రోసాఫ్ట్ అజూర్‌లో విండోస్ లోపలి నుంచి షట్‌డౌన్ కొడితే మీటరు తిరుగుతూనే ఉంటుంది. అజూర్ పోర్టల్‌లోకి వెళ్లి ఆపాలి.

నెట్ పోతే? మనం టైపు చేయలేం గానీ అక్కడ నడుస్తున్న పని నడుస్తూనే ఉంటుంది. నెట్ తరచూ పోయే ఊళ్లో మాత్రం దీన్నే నమ్ముకోవడం తగదు. డేటా భద్రత విషయంలో క్లౌడ్ కంపెనీ కాపాడేది భవనాన్నీ సర్వర్‌నీ. పాస్‌వర్డు, అప్‌డేట్లు, బ్యాకప్ మన బాధ్యతే. ఆ మెషీన్‌లోకి వెళ్లే రిమోట్ డెస్క్‌టాప్ దారిని ఇంటర్నెట్ మొత్తానికి తెరిచి పెట్టడం కన్నా పెద్ద తప్పు లేదు. వీపీఎన్ వెనక ఉంచి, రెండంచెల ధ్రువీకరణ తప్పక పెట్టాలి.

రోజంతా, నెలంతా వీడియో ఎడిటింగ్ చేసేవారు సొంత యంత్రం కొనుక్కోవడమే మేలు. మిగతావారు ముందు ఒక్క మెషీన్ తీసుకోండి. రాత్రికి దానంతటదే ఆగిపోయేలా, ఖర్చు గీత దాటితే హెచ్చరిక వచ్చేలా పెట్టుకోండి. ఒక నెల బిల్లు చూశాక కొనాలో వద్దో తేల్చుకోండి.