అస్కప్రిగాళ్లు: రూపమొకటి, జాతులు రెండు

ప్రొద్దుగ్రుంకిన పిమ్మట పొలిమేర బాటపై నేలకరచుకొని కూర్చుండి, దీపపు వెలుతురు పడినంతనే కన్నులు నిప్పుకణికలవలె మెరయగా, మనము దగ్గరకు రాగానే చప్పుడు లేక ఎగిరిపోవు పక్షిని గ్రామములలో అనేకులు చూచియుందురు. పక్షిశాస్త్ర గ్రంథములలో దీనికి అస్కప్రిగాడు అను తెలుగు పేరు కలదు. ఆంగ్లమున నైట్‌జార్ అందురు. ఇందు చూపునకు ఒకే తీరుననుండు రెండు జాతులను వేరుపరచి గుర్తించుట ఎట్లో, అందువలన పంచాయతీకి కలుగు ప్రయోజనమేమో ఇచట వివరింపబడుచున్నది.

రెంటికిని ముక్కు చిన్నది, నోరు మిక్కిలి వెడల్పు. నోటి చుట్టును బిరుసైన వెండ్రుకలుండును. రాత్రివేళ తిరుగు రెక్కలపురుగులను, పెంకుపురుగులను ఎగురుచునే పట్టి తినును. వీని శాస్త్రనామమగు ‘కాప్రిమల్గస్’ అను మాటకు మేకపాలు పిండునది అని అర్థము. ఐరోపాలో పూర్వమట్టి నమ్మకముండెడిది. నిజమునకీ పక్షులు పాలు త్రాగవు. పశువులకును మనుష్యులకును హానిచేయవు.

ఇక భేదములు. మొదటిది సామాన్య భారతీయ జాతి. సుమారు 24 సెంటీమీటర్ల పొడవుండును. బూడిద, ఇసుక రంగులు కలిసియుండును. బీడుభూములు, మెట్టచేలు, పలుచని తుప్పలు దీని తావులు. రెండవది జెర్డన్ జాతి. ఇది కొంచెము పెద్దది, తోక పొడవు, రంగు ముదురు. మెడ వెనుక ఎఱుపు కలసిన గోధుమవన్నె పట్టీ యుండును. చెట్లు, పొదలు గుబురుగానున్న చోట్లను ఇది కోరును.

చీకటిలో రంగు తెలియదు గనుక చెవియే మేలైన సాధనము. గట్టినేలపై విసరిన గోలీ ఎగిరెగిరి పడుచు, పోనుపోను వడి హెచ్చి ఆగినట్లు ‘చుక్, చుక్, చుక్, టుకర్ర్’ మని కూయునది మొదటిది. వణకు గొంతుతో ‘చ్వొ-వొ-వొ’ యని మరల మరల పలుకునది రెండవది. ఒక్కొక్కప్పుడు కప్పవలె బెకబెకలాడును.

రెండవ జాతికి నెల్లూరుతో సంబంధము కలదు. 1840 ప్రాంతపు దశాబ్దిలో థామస్ జెర్డన్ అను వైద్యుడు నెల్లూరున సివిల్ సర్జనుగా పనిచేసెను. ఈ ప్రాంతపు జంతువుల సంగతులను యానాదుల నుండి అడిగి తెలిసికొనెను. 1845లో ఈ పక్షిని ప్రత్యేక జాతిగా వర్ణించినవాడతడే. దానిని అతని పేరుతోనే పిలుచుచున్నారు. చదువుకొన్న వైద్యునకు పొదల సంగతి చెప్పినవారు అడవినెరిగిన మన పల్లెవాసులే యని గుర్తింపవలెను.

ఈ రెండు జాతులును గూడు కట్టవు. వట్టి నేలపై, ఎండుటాకుల నడుమ, సాధారణముగ రెండు గ్రుడ్లు పెట్టును. నేలరంగులో కలసిపోవు తల్లి, కాలు మీదపడునంతవరకు కదలదు. వేసవి నెలలు గ్రుడ్లకాలమునకు ముఖ్యమైనవి. ఆ నెలలలోనే పోరంబోకు తుప్పలకు నిప్పుపెట్టుటయు, యంత్రములతో చదును చేయుటయు జరిగిన, గ్రుడ్లును పిల్లలును ఒక్కసారిగ నశించును. చేలలో పురుగుమందు మితిమీరి చల్లిన, వీని ఆహారము కరవగును. తుప్పలన్నియు కొట్టివేసిన గ్రామమున మొదటి జాతి నిలిచినను, చెట్లనీడ కోరు రెండవది తొలగిపోవును. రెండు కూతలును వినబడు గ్రామమున బీడును, పొదరిల్లును మిగిలియున్నవని తెలియును.

2002 నాటి జీవవైవిధ్య చట్టము ననుసరించి ప్రతి స్థానికసంస్థయు జీవవైవిధ్య యాజమాన్య సంఘమును ఏర్పరచి, ప్రజా జీవవైవిధ్య రిజిష్టరును సిద్ధపరుపవలెను. అందు ‘రాత్రి తిరుగు పిట్ట’ యని ఒక్క పంక్తి వ్రాసి విడువక, రెంటిని వేర్వేరుగ నమోదు చేయుడు. పశువులకాపరులను, యానాదులను, రాత్రికావలి వారిని పిలిచి, ఏ కూత ఎక్కడ, ఏ నెలలో వినబడినదో వ్రాయించుడు. తుప్పలు తొలగించు పనిని తీర్మానించునపుడు ఆ రిజిష్టరును ముందుంచుకొని, వేసవి గడచినపిదప చేయింపుడు. చెట్టుచేమలు గల ఒక భాగమును ముట్టక విడువుడు. ఇందులకు పంచాయతీ నిధులనుండి వ్యయము అక్కరలేదు. సభ్యుల శ్రద్ధ చాలును.