రోగము లేనివానికి సూది యేల?

మా తాతగారి దండచేతిమీద రెండు గుండ్రని మచ్చలుండెడివి. అవి మశూచి టీకా మచ్చలు. టీకాలవారు ఊరికి వచ్చిరని విన్నతోడనే తాను గడ్డివామి చాటున దాగితిననియు, తండ్రి చెవి పట్టి యీడ్చుకొనివచ్చి టీకా వేయించెననియు ఆయన నవ్వుచు చెప్పెడివారు. అట్టి మచ్చ నా చేతిమీదను గలదు. నా మనుమల చేతులమీద లేదు. మశూచి లోకమునుండి తొలగిపోయినదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980లో ప్రకటించినది గనుక వారి కా టీకా యక్కర లేకపోయినది.

ఇటీవల ఒక గ్రామమున నేను హెచ్.ఐ.వీ. టీకాను గూర్చి ముచ్చటించుచుండగా రచ్చబండమీది పెద్దలలో నొకరు, "అయ్యా, రోగము లేనివానికి సూది యేల? మన బిడ్డలమీదనా పరీక్షలు?" అని యడిగిరి. ఆ ప్రశ్న న్యాయమైనది. నేటి ప్రసంగము దానికి సమాధానము.

ఎయిడ్సు వ్యాధికి మూలమైన వైరసును 1983లో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞులు కనుగొనిరి. నేడు దానికి మందులు గలవు. నియమముగా వాడువారు చిరకాలము జీవించుచున్నారు. కాని ఆ మందులు వైరసును అణచి యుంచునే గాని దేహమునుండి పూర్తిగా వెడలగొట్టవు. అది మాటిమాటికి రూపు మార్చుకొనును. పైగా మనలను కాపాడవలసిన రక్తకణములలోనే చేరును. దొంగ కావలివాని గుడిసెలో దాగిన చందము! అందుచేతనే నేటికిని దీనికి టీకా సిద్ధము కాలేదు.

టీకా మనుష్యులను కాపాడునో లేదో జంతువులపై చూచినంత మాత్రమున తేలదు. ఆరోగ్యవంతులే ముందునకు రావలయును. థాయిలాండు దేశమున రయోంగు, చోన్‌బురి మండలములలో 2003లో అట్టి పరిశోధన ఆరంభమైనది. 16,402 మంది స్త్రీ పురుషులు స్వయముగా సమ్మతించిరి. ఆ టీకాలలో సంపూర్ణమైన హెచ్.ఐ.వీ. లేదు, దాని కొన్ని భాగములు మాత్రమే యుండెను. కావున టీకావలన ఆ రోగము వచ్చుట యసంభవము. ఎవరికిని వైరసును ఎక్కింపలేదు. పైగా రోగము సోకకుండ మెలగవలసిన విధమును అందరికిని బోధించిరి. సగముమందికి టీకాయు, సగముమందికి గుణము లేని ద్రవమును ఇచ్చిరి. ఎవరి కేది యిచ్చిరో వారికిని తెలియదు, సూది వేసిన వైద్యునికిని తెలియదు. తెలిసినచో పక్షపాతము చొరబడి లెక్క చెడును గదా!

2009లో ఫలితము వెలువడెను. టీకా పొందినవారిలో 51 మందికిని, పొందనివారిలో 74 మందికిని వైరసు సోకెను. అనగా రక్షణ నూటికి ముప్పదియొకటి పాళ్లు. అది చాలదు. దానిని మెరుగుపరచి 2016లో దక్షిణాఫ్రికాలో 5,407 మందిపై మరల పరీక్షించిరి. టీకా పొందినవారిలో 129 మందికిని, పొందనివారిలో 123 మందికిని వైరసు సోకినందున 2020లో దానిని నిలిపివేసిరి.

మరి ఆ వేలమంది శ్రమ వృథాయేనా? నేను కాదందును. ఏ ప్రతిరక్షక పదార్థములు మేలు చేయవచ్చునో థాయివారి రక్తపరీక్షలు సూచించినవి. ఏ దారి ముందునకు సాగదో దక్షిణాఫ్రికావారు తేల్చిరి. ఒకచోట నీరు పడలేదని తెలిసిన పిమ్మటనే గదా బావి మరియొకచోట త్రవ్వుదుము? మన దేశమునను 2005లో పుణెలోను, 2006లో చెన్నైలోను కొలదిమందిపై ఇట్టి తొలి పరీక్షలు జరిగినవి.

ఇక పెద్దలు గుర్తుంచుకొనవలసిన సంగతులు. ఇట్టి పరిశోధనలో చేరువానికి సర్వమును అతని భాషలో బోధింపవలయును. అతడు ఎప్పుడు వలదన్నను మానుకొనవచ్చును. టీకావలన కొందరికి సాధారణ రక్తపరీక్షలో, రోగము లేకున్నను, ఉన్నట్లు కనబడవచ్చును. నిజము తేల్చుటకు వేరు పరీక్ష గలదు. ఈ సంగతి యెరుగక ఊరివారు నిందవేసినచో ఆ బిడ్డ వివాహమే చెడిపోవచ్చును. అట్టి నిందను ఆపగలవారు మీరే.

మా తాతగారిని చెవి పట్టి తెచ్చిరి. అది సిద్ధమై, గుణము తెలిసిన టీకా. ఇది యింకను వెదకుచున్న టీకా. ఇచట ధనాశచే గాని, పెద్దల యొత్తిడిచే గాని ఎవరును చేరరాదు. తెలిసికొని, తనంతట తాను చేరువానికి తనకు మేలు కలుగునను హామీ లేదు. ఆ మేలు పుట్టబోవువారి కొరకు. అట్టివానిని పిచ్చివాడనక గౌరవింపుడని నా మనవి.